‘ఏం లేదు’ అనే జబ్బుతో పదహారు నెలలు

నేను బస్సు కండక్టర్ని. నల్గొండ నుంచి హాలియా మీదుగా నందికొండ పోయే పల్లెవెలుగులో పదకొండేళ్లుగా టికెట్లు కొడుతున్నాను. నడుస్తున్న బస్సులో, నిలబడ్డ జనం మీద పడి స్పృహ తప్పిన కండక్టర్ని కూడా నేనే. బస్సులో ఒకసారి, బయట చాలాసార్లు. ఎన్నిసార్లో మొదట్లో రాసి పెట్టుకునేదాన్ని, తర్వాత మానేశాను. ఆ మానెయ్యడమే నా వైద్యంలో సగం అని ఇప్పుడు తెలుస్తోంది.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. మొన్న వేరే డిపోలో చేసే ఒకమ్మాయి ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "అక్కా, నీకు గూడ గిట్లనే అయిందట గద? మరి నువ్వు మంచిగనే ఉన్నవా?" అంది. నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. మంచిగనే ఉన్నానమ్మా, డ్యూటీలోనే ఉన్నానని చెప్పాను. ఇంకా చాలా చెప్పాల్సింది, ఇంతలో బస్సు టైమైంది. ఆ చెప్పలేకపోయిందంతా ఇది.

ఫిబ్రవరి

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన కొత్త. ఒక్కో ట్రిప్పుకు కాలు పెట్టే జాగా ఉండేది కాదు. దానికి నాకేం బాధ లేదు. ఖాళీ బస్సులో టికెట్లు కొట్టడం కంటే దిక్కుమాలిన పని లోకంలో ఇంకొకటి లేదు. నా బాధ వేరే. ఆ నెలలోనే నాకు నలభై ఒకటి నిండాయి.

మా అక్క నలభై ఒకటో ఏట పోయింది. రాత్రి అన్నం తిన్నాక ఛాతీలో మంటగా ఉందంది. గ్యాస్ అన్నారు ఇంట్లోవాళ్లు. సోడా తాగి పడుకుంది, పొద్దున లేవలేదు. అది జరిగి మూడేళ్లయినా నేను పెద్దగా ఏడ్వలేదు. డ్యూటీలు, పిల్ల చదువు, తీరిక దొరకలేదు. కానీ నాకు నలభై ఒకటి వచ్చిన రోజు నుంచి ఛాతీలో ఎక్కడ చిన్న పోటు పొడిచినా అక్క గుర్తొచ్చేది.

ఆ రోజు హాలియా దాటి కాలువ కట్ట ఎక్కాం. వెనక సీట్ల దాకా జొరబడి టికెట్లు కొడుతున్నాను. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కినట్టనిపించింది. అంతే, గుండె గొంతులోకొచ్చింది. అరచేతులు తడిసిపోయాయి, ఊపిరి ఎంత పీల్చినా చాలడం లేదు. అయిపోయింది, అక్క పోయినట్టే పోతున్నానని గట్టిగా నమ్మాను. చివరగా కళ్లకు కనబడింది ఎవరిదో వంకాయల గంప.

కళ్లు తెరిచేసరికి కింద పడుకుని ఉన్నాను. ముక్కు దగ్గర కోసిన ఉల్లిగడ్డ. కుడి గుప్పిట్లో ఇనుప తాళాలు. ఒక అవ్వ నా గుప్పిటను తన రెండు చేతులతో మూసి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"జర జరుగుండ్రి, గాలి రానీయుండ్రి," అంటోంది.

"ఫిట్సే. తాళాలు వెట్టంగనే ఎట్ల ఆగింది సూడుండ్రి," అన్నాడు ఒకాయన, తానే వైద్యం చేసినంత ధీమాగా.

మా దగ్గర మనిషి పడిపోతే ముందు చేసేది అదే. ఎందుకు పడ్డాడో తర్వాత, ముందు చేతిలో ఇనుము పెట్టాలి. ఇనుము పెట్టారంటే అది ఫిట్సే. బస్సులో అరవై మంది ఉన్నారు, నేను పడుతుంటే నిజంగా చూసింది ఇద్దరో ముగ్గురో. తాళాలు మాత్రం అందరూ చూశారు. మా డ్రైవర్ యాదగిరన్న బస్సాపి, నన్ను ఆటోలో దవాఖానకు పంపి, సాయంత్రం డిపోలో కాగితం రాసిచ్చాడు. కండక్టర్‌కు ఫిట్స్ వచ్చి పడిపోయింది అని. ఆ ఒక్క ముక్క నా మెడకు ఎట్లా చుట్టుకుంటుందో పాపం ఆయనకూ తెలియదు.

మా ఆయన మల్లేశం బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. చేతులకు గ్రీజుతోనే దవాఖానకు పరుగెత్తుకొచ్చాడు. నా గుప్పిట విప్పితే ఐదు తాళంచెవులు, వాటికి ఎర్ర దారం, ఆ దారానికి చెవిలో గుబిలి తీసుకునే చిన్న పుల్ల. ఎవరి ఇల్లో, ఎవరి బీరువానో! నా ప్రాణం సంగతి పక్కన పెట్టి ఆ అవ్వ ఇల్లెట్లా తెరుచుకుంటుందోనని నాకు ఫికరు పట్టుకుంది.

యాదగిరన్న రెండు రోజులు ఊరూరా బస్సాపి అడిగాడు. మూడో రోజు దొరికింది. ముత్తమ్మ అని, కాలువ కింది ఊరు. రెండు రాత్రులు పక్కింట్లో పడుకుందట. తాళం పగలగొట్టుకోకపోయావా అవ్వా అని ఫోన్లో అడిగాను.

"నా తాళాలు వట్టుకోని నువ్వు దవాఖానల పండుకుంటివి. నేనీడ తాళం పలగ్గొట్టుడేంది బిడ్డా, నాకు మనసొప్పలే," అంది.

దవాఖానలో ఈసీజీ తీశారు, రక్తం తీశారు. "ఏం లేదమ్మా, నీరసం" అన్నారు.

మార్చి నుంచి జూన్

ఏం లేదంటే మనిషి సంతోషించాలి. నా సంతోషం దవాఖాన గేటు దాటేదాకే ఉండేది. మా అక్కకు కూడా ఏం లేదనే అన్నారు కదా! ఏం లేదన్న ప్రతి డాక్టరూ నాకు సోడా కలిపి ఇస్తున్నట్టే అనిపించేది. నల్గొండలో మూడు దవాఖానలు, హైదరాబాద్‌లో రెండు. గుండెకు స్కాన్, తలకు స్కాన్, నెత్తికి తీగలు అంటించి ఇంకో పరీక్ష. ఫైలు మా పిల్ల డిగ్రీ పుస్తకమంత అయింది.

హైదరాబాద్ దవాఖానలో ఒక పెద్ద హాలు. టోకెన్ నంబర్లు గోడ మీద ఎర్రగా వెలుగుతుంటాయి. అందరూ ఆ గోడ వైపే చూస్తుంటారు. మల్లేశం రెండు టీలు తెచ్చేవాడు, రెండూ చల్లారిపోయేవి. ఒకసారి ఆయన మెల్లగా, "ఈసారన్న ఏదో ఒకటి దొర్కితే బాగుండు," అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. నేనూ సరిగ్గా అదే కోరుకుంటున్నాను. పేరున్న జబ్బయితే దానితో కొట్లాడొచ్చు.

డిపోలో కాగితం ఉంది కదా, ఫిట్స్ ఉన్న మనిషిని బస్సెక్కించరు. తేలేదాకా కూర్చునే పని ఇచ్చారు. బస్టాండులో మైకు. "నందికొండ పోవు బస్సు ఐదో నంబరు ప్లాట్‌ఫారంలో సిద్ధంగా ఉన్నది." నా బస్సు నేను లేకుండా పోతోందని రోజుకు ఆరుసార్లు నేనే అరిచి చెప్పాలి. అందరూ అదృష్టవంతురాలివి అన్నారు. నీడన కుర్చీ, పైన ఫ్యాను, ఇంకేం కావాలట!

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే నాకు ఆ కుర్చీలోనే తెలిసింది. బస్సులో పనుంటే మెదడుకు తీరికుండదు. ఇక్కడ బస్సుకీ బస్సుకీ మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ. ఆ ఇరవై నిమిషాలూ నా రెండు వేళ్లు మెడ మీదే ఉండేవి, నాడి చూసుకుంటూ. వేలికి తగిలించుకునే ఆక్సిజన్ మిషన్ కొన్నాను. ఫోన్లో ఛాతీ నొప్పి అని కొడితే గుండె అనేది, తలనొప్పి అని కొడితే గడ్డ అనేది. ఫోనుకు ‘ఏం లేదు’ అనే మాట రాదు, అందుకే దాన్ని నమ్మేదాన్ని. కుర్చీలో రెండుసార్లు పడ్డాను, కూరగాయల మార్కెట్లో ఒకసారి, మా ఆడబిడ్డ కొడుకు పెళ్లిలో అందరి ముందూ ఒకసారి. ప్రతిచోటా ఎవరో ఒకరు తాళాలు తీసేవారు. పెళ్లిలోనైతే పెళ్లికొడుకు బండి తాళమే పెట్టారు.

తర్వాత నేనే పోవడం మానేశాను. మొదట పెళ్లిళ్లు, తర్వాత మార్కెట్, చివరికి మేడ మీదికి బట్టలు ఆరేయడానికి కూడా. భయమేసిన ప్రతి జాగా వదిలేసుకుంటూ పోతే మిగిలింది మంచం, బస్టాండు కుర్చీ. ఎవరూ నన్ను బంధించలేదు, నేనే ఒక్కొక్క తలుపూ వేసుకుంటూ వచ్చాను.

జూన్‌లో మల్లేశం బాత్రూం గొళ్లెం ఊడదీశాడు. లోపల పడితే తలుపు పగలగొట్టాల్సి వస్తుందని. నాకు చెప్పకుండానే తీశాడు. డ్యూటీ నుంచి వచ్చి చూస్తే తలుపుకు నాలుగు బొక్కలు.

"నేనేమన్న చిన్నపిల్లనా?" అని అరిచాను.

"నువ్వు పడ్డప్పుడు సూసేది నేను! నీకేం, నువ్వు కండ్లు మూస్కోని పడ్తవ్!" అన్నాడు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నా మీద గొంతు లేపింది అదే మొదటిసారి. వెంటనే వాకిట్లోకి పోయి మోటారు ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు, దాన్ని విప్పలేదు, బిగించలేదు. ఆయన ఏడుస్తున్నాడని నాకు వెనక నుంచే అర్థమైంది. ఆ రోజు నా మీద నాకు జాలి పోయింది. దాని జాగాలో కోపం వచ్చింది. ఈ జబ్బు నా కాపురంలో గొళ్లేలు ఊడదీయడానికి వీల్లేదు.

జూలై

గుండె డాక్టరు చివరి కాగితం మీద రాసిచ్చింది మానసిక వైద్యుల దగ్గరికి పొమ్మని. నెల రోజులు ఆ కాగితాన్ని ఫైలు అడుగున దాచాను. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందని డిపోలో తెలిస్తే ఫిట్స్‌కు తోడు పిచ్చి కూడా అంటగడతారు. గొళ్లెం కొట్లాట తర్వాత ఆ కాగితం పైకి తీశాను.

సర్కారు దవాఖానలో ఆ ఓపీ చివరి గది. ముఖానికి కొంగు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఎర్ర రవిక తొడుక్కున్న ఒకామె, కొడుకును తీసుకొచ్చింది. నేను లేచి వెళ్లిపోబోతుంటే చూసి తన చీటీ నా చేతిలో పెట్టింది.

"నువ్వు ముందుగాల పో చెల్లె. మాకైతే నెలనెలా అలవాటే. ముఖం గూడ కప్పుకోకు, లోపట ఉన్నోళ్లు మనల్ని ఏమనరు," అంది.

ఆమె పేరు కూడా అడగలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఫైలంతా ఓపిగ్గా తిప్పి పక్కన పెట్టింది. తర్వాత ఇన్ని దవాఖానల్లో నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయిన ఒక ప్రశ్న అడిగింది.

"మొదటిసారి పడ్డప్పుడు నిన్ను చూసిందెవరు?"

యాదగిరన్న ముందు కూర్చుని బండి నడుపుతున్నాడు, చూడలేదు. మల్లేశం రానేలేదు. పెళ్లిలో, మార్కెట్లో పడ్డప్పుడు చూసినవాళ్లంతా ఫిట్స్ అనే ముందే నమ్మి చూసినవాళ్లు. అప్పుడు గుర్తొచ్చింది ముత్తమ్మవ్వ. అక్కడే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"అవ్వా, ఆమె చేతులు కాళ్లు కొట్టుకున్నదా?" అడిగింది డాక్టరమ్మ.

"లేదు బిడ్డ. తెల్లగ పాలిపోయింది, సెమట్లు వట్టినయి, నా మీదికి ఒరిగింది. పండుకున్న పిల్ల లెక్కనే ఉండె."

"నాలుక కరుచుకున్నదా? ఎంతసేపటికి లేచింది?"

"కర్సుకోలే. ఎంతసేపు, గుక్కెడు నీళ్లు తాగేంత సేపు. కండ్లు తెర్వంగనే టికెట్ మిషన్ ఏదని అడిగింది."

"మరి తాళాలు ఎందుకు పెట్టినవ్?"

"పెట్టాలె గద బిడ్డ," అంది ముత్తమ్మ.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను, ఐదు నెలల్లో మొదటిసారి. ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, ఫిట్స్ కాదు, గుండె జబ్బు కాదు. వచ్చేది భయం. భయం ముంచుకొచ్చినప్పుడు గుండె గబగబా కొట్టుకుంటుంది. నాలాంటి కొందరికి ఆ వెంటనే బీపీ ఒక్కసారిగా దిగిపోతుంది, తలకు రక్తం తగ్గి పడిపోతాం. పడుకోగానే తలకు రక్తం చేరి లేస్తాం.

"ఇనుముతోని కాదమ్మా, పండుకున్నందుకు లేస్తున్నవ్," అంది.

"అంటే ఉత్తగనే భయమా? నాటకమా మేడం?" అన్నాను. మా బంధువుల్లో ఒకామె ఆ మాట అని ఉంది.

"నాటకమైతే తెల్లగ పాలిపోయేటట్టు ఎట్ల చేస్తవ్? నీకొచ్చేది నిజమే. నువ్వు దానికి పెట్టిన పేరే తప్పు."

ఆ మాటకు నేను అక్కడే కూర్చుని బాగా ఏడ్చాను. మూడేళ్ల కింద అక్క కోసం ఏడ్వాల్సిన ఏడుపు కూడా అందులోనే ఉంది. ఆమె అడ్డు చెప్పలేదు. బయట ఎర్ర రవిక ఆమె తన వంతు కోసం ఎదురు చూస్తోందని గుర్తొచ్చి నేనే ఆపుకున్నాను.

ఆగస్టు నుంచి ఫిబ్రవరి

రోజుకొక గోలీ, రెండు వారాలకొకసారి ఆమెతో మాట. మిగతాదంతా నేను చేసుకోవాల్సిన పనే. నాడి చూసుకోవద్దు. పడ్డవి రాసుకోవద్దు. ఫోన్లో జబ్బులు వెతకొద్దు. కళ్లు తిరుగుతున్నట్టుంటే సిగ్గుపడకుండా అక్కడే కూర్చోవాలి, కాళ్లు పైకి పెట్టి పడుకుంటే ఇంకా మంచిది. దానికి ముందే పిక్కలు, తొడలు గట్టిగా బిగపట్టి వదలాలి, బీపీ దిగకుండా. ఊపిరి మెల్లగా బయటికి వదలాలి.

వినడానికి ఇంతే. చెయ్యడానికి చుక్కలు కనిపించాయి. మెడ మీదికి పోయే వేళ్లను ఆపడం కోసం చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. ఆక్సిజన్ మిషన్‌ను మల్లేశానికిచ్చి షాపులో దాచమన్నాను. వారం తర్వాత పోయి చూస్తే ఆయన వేలికి పెట్టుకుని చూసుకుంటున్నాడు! పట్టుకొచ్చి పక్కింటి దమ్ము రోగి ముసలాయనకు ఇచ్చేశాను, ఆయనకైనా పనికొస్తుందని.

వదిలేసిన జాగాలన్నీ ఒక్కొక్కటే మళ్లీ తిరిగాను. మేడ, మార్కెట్, తర్వాత ఆడవాళ్లకు డబ్బుల్లేకుండా కొట్టే జీరో టికెట్ మీద మామూలు ప్రయాణికురాలిగా హాలియా దాకా నా బస్సులోనే. నవంబర్‌లో మళ్లీ రెండుసార్లు పడ్డాను. ఓడిపోయానని రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు లేచి, స్క్రూడ్రైవర్ తీసుకుని బాత్రూం గొళ్లెం నేనే బిగించుకున్నాను. వంకరగానే బిగిసింది, కానీ పడుతుంది. మల్లేశం చూసి ఇంకో స్క్రూ తెచ్చి ఇచ్చాడు.

మళ్లీ బస్సెక్కాలంటే కాగితం మీద కాగితం. డాక్టరమ్మ రాసిచ్చింది. పెద్ద దవాఖానలో మళ్లీ చూపించుకున్నాను. యాదగిరన్న తనంతట తానే ఇంటికొచ్చాడు.

"చెల్లె, తప్పు నాదే. అందరు ఫిట్స్ అన్నరని రాసిన గని కండ్లార సూడలే. గదే మాట రాసిస్త," అన్నాడు.

రాసిచ్చాడు కూడా. తాను చెప్పిన మాట తప్పని సంతకం పెట్టి ఒప్పుకునే మగవాళ్లు ఎందరుంటారు? నేను చూసింది ఈయన్నే.

డిపో అధికారి మంచాయనే. "కూసునే పని నయం గదమ్మా? పర్మనెంట్ చేయిస్త. బస్సుల పడితే ఎవరిది పూచీ?" అన్నాడు. ఇంట్లోనూ అదే పాట. "పడితే ఎట్ల శోభా?" అన్నాడు మల్లేశం.

ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాను. "పడితే పడ్త. ఇన్నిసార్లు పడ్డ, ఒక్కసారన్న లేవకుంట ఉన్ననా? బస్సు కదిలినంతసేపు తలుపు మూస్త, ఫుట్‌బోర్డు మీద నిలవడ. కండ్లు తిరిగితే కింద కూసుంట. గా కుర్సీల కూసోవెడితే మాత్రం నేను ఖాయంగ సస్త."

జూన్

బడులు తెరిచిన వారం. అధికారి సంతకం పెట్టడానికి నాలుగు నెలలు పట్టింది, ఇది మళ్లీ బస్సులో నా మొదటి డ్యూటీ. మల్లేశం బస్టాండు దాకా వచ్చి నిలబడ్డాడు, చెయ్యి ఊపలేదు. నేను రైట్ అన్నాను, యాదగిరన్న గేరు వేశాడు.

వస్తుందని నాకు తెలుసు. వచ్చింది. హాలియా దాటాక, కిక్కిరిసిన జనం మధ్య, చెవుల్లో గుయ్‌మని మొదలైంది. చేతులు తడిశాయి. చస్తున్నానని మనసు పాత పాటే ఎత్తుకుంది. పిక్కలు బిగపట్టాను, వదిలాను, మళ్లీ బిగపట్టాను. చాలదని తెలిసింది. యూనిఫాం మీద ఉన్నాను, ముందర స్కూలు పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అరవై మంది. పడ్డాక కింద ఉండడం వేరు, నిలబడి ఉండగానే, తెలిసి తెలిసి అందరి ముందు నేల మీద పడుకోవడం వేరు. ఆ సిగ్గును మింగడానికే నాకు పదహారు నెలలు పట్టింది.

"అమ్మల్లారా, జర జరుగుండ్రి," అన్నాను గట్టిగా. "నాకు ఫిట్స్ గాదు. భయమైతాంది, కండ్లు తిరుగుతున్నయి. రెండు నిమిషాలు పండుకుంట. ఎవ్వలు గాబర వడకుండ్రి."

బస్సు నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు ఒకామె బియ్యం మూట మీద పెట్టాను. ఎవరూ అరవలేదు. ఆడవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగి నాకు గాలి వదిలారు. ఒకామె కొంగుతో విసరడం మొదలుపెట్టింది. నేను ఊపిరి వదులుతూ బస్సు పైకప్పు చూస్తున్నాను. గుండె దాని ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంది. కొట్టుకోనీ అనుకున్నాను. ఈసారి కళ్లు మూతపడలేదు.

"చెల్లె, దవాఖానకు మలుపాల్నా?" ముందు నుంచి యాదగిరన్న కేక.

"వద్దన్నా. నందికొండకే పోనియ్యి. రైట్!" అన్నాను, పడుకునే.

బస్సు ఊపందుకుంది. తలెత్తితే నా పైన ఒక పెద్దామె, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని, మొహమాటంగా వంగి చూస్తోంది.

"అమ్మా, నువ్వు లేచినంకనే ఇయ్యి గని, నాకింక టికెట్ కొట్టలే," అంది.

టికెట్ మిషన్ నా కడుపు మీదే ఉంది. ఊరు పేరడిగి, కాళ్లు మూట మీదనే ఉంచి, టికెట్ కొట్టి ఆమె చేతికిచ్చాను.